బెంచి మీద ఆంటీ

ఈ ఫిబ్రవరిలో ఆంటీ పోయారు. వాన్ అనే ఊళ్ళో ఉన్న ఫ్యూనరల్ హోమ్‌కి వెళ్ళాం. తెలుగువాళ్ళందరం బూట్లు విప్పాలా వద్దా అని ఒకరి కాళ్ళు ఒకరం చూసుకుంటూ వరసలో నిలబడి ఉండగా, వెనక తలుపు తెరుచుకుని ఆడపిల్లలు బిలబిలమంటూ లోపలికి వచ్చారు. పదిహేను మందికి తక్కువుండరు. అందరికీ ఒకటే నీలం జాకెట్టు, వీపు మీద నంబరు. మూడేళ్ళ కిందటి జాకెట్లు కావడంతో చాలామందికి చేతులు పొట్టయిపోయాయి. ఇటాలియన్ పిల్లలు, రష్యన్ పిల్లలు, ఇద్దరు చైనా అమ్మాయిలు, ఒక పంజాబీ, మధ్యలో మా అమ్మాయి నిత్య. పెట్టె ముందుకు వచ్చి, ఎవరూ ఏమీ చెప్పకుండానే, అందరూ ఒక మోకాలు నేలకి ఆనించి తలలు వంచారు.

నా పక్కనున్న రిటైర్డ్ ఇంజనీరు అంకుల్ నా వైపు వంగి, "ఇదేం ఆచారం అమ్మా? క్రిస్టియన్లదా?" అన్నారు.

"ఐస్ హాకీవాళ్ళది అంకుల్," అన్నాను. మంచు మీద ఎవరికైనా దెబ్బ తగిలి పడిపోతే రెండు జట్ల పిల్లలూ ఎక్కడివాళ్ళక్కడ ఇలా ఒక మోకాలి మీద కూర్చుంటారనీ, పడ్డ పిల్ల లేచేదాకా ఎవరూ లేవరనీ చెప్పాను.

అంకుల్ పెట్టె వైపు చూసి, "మరి ఈవిడ లేవదుగా," అన్నారు.

నిజమే. ఆ సంగతి పిల్లలకీ తట్టలేదు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉండిపోయారు. చివరికి ఆంటీ కొడుకు వెళ్ళి ఒక్కొక్కరి భుజం తట్టి లేపాల్సి వచ్చింది. అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్నదాన్ని అక్కడ ఏడ్చేశాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. పేర్ల మీద ఆవిడకి పట్టింపు లేదు. మా జట్టులో ఒక్క పిల్లనీ ఆవిడ పేరు పెట్టి పిలవలేదు. ఎవరికి ఎక్కడ నొప్పో అదే వాళ్ళ పేరు. "ఏమే మోకాలూ, ఇలా రా." "ఎడం భుజం ఎక్కడే? ఐసు పెట్టిందా?" గోల్ దగ్గర నిలబడే ఇటాలియన్ అమ్మాయి 'మోకాలు' అంటే బంగారమనో బుజ్జనో అర్థమనుకుని, ఆ మాటని ఇంగ్లీషు అక్షరాల్లో తన కర్ర మీద రాసుకుంది. అసలు అర్థం తెలిశాక కూడా చెరపలేదు. పిల్లలు, కోచ్, రిఫరీలు, అందరికీ ఆవిడ ఒట్టి 'ఆంటీ'. జట్టు జాబితాలో కూడా పేరు పక్కన అదే రాసి ఉండేది.

కాకినాడలో డాక్టరీ చదివి, ఒషావాలో ఒక ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. "జనాన్ని నిద్రపుచ్చడం ఎవడైనా చేస్తాడమ్మాయ్. లేచాక మొదటి మాట ఎలా వస్తుందో వినాలి. అదీ ఉద్యోగం," అనేవారు. ఏమన్నారన్నది కాదు, ఎలా అన్నారన్నదే వినాలిట. ఆపరేషనయిన ఒక పెద్దమనిషి లేవగానే 'మా ఆవిడ ఎక్కడ' అన్నాడనీ, ఆ 'ఎక్కడ'లో భయం విని, ఆవిణ్ణి లోపలికి రానివ్వకండని నర్సుకి చెప్పాననీ నవ్వుతూ చెప్పేవారు.

అలాంటి మనిషి హాకీలోకి రావడం కూడా విచిత్రమే. మా ఎరీనాలో ఆడే మంచు రింకు పైన చుట్టూ నడిచే దారి ఒకటుంది. చలికాలం రిటైరైనవాళ్ళంతా అక్కడికొచ్చి గుండ్రంగా తిరుగుతూ ఉంటారు. ఆంటీ కూడా అలా తిరిగేవారే. నిత్యకి పధ్నాలుగేళ్ళప్పుడు, సీజను మొదట్లో, ఒక ప్రాక్టీసు మ్యాచి మొదలవక అందరం కింద నిలబడిపోయాం. ఆడపిల్లల జట్టు బెంచి మీద కనీసం ఒక్క ఆడమనిషైనా ఉండాలని మా లీగ్‌లో నియమం. మాతో ఉండే ట్రైనర్ అమ్మాయి ఉద్యోగం మారి వెళ్ళిపోయింది. ట్రైనరంటే ఆట నేర్పేవాళ్ళు కాదు, దెబ్బలు చూసేవాళ్ళు. తల్లులం పదిమందిమి ఉన్నాం, ఒక్కరమూ నోరు మెదపడం లేదు. నేనైతే ఫోన్లో ఏదో అర్జెంటు మెయిల్ చదువుతున్నట్టు నటించాను.

పైనుంచి ఒక గొంతు తెలుగులో, "ఏమైందమ్మాయ్? ఎందుకాగిపోయారు?" అంది. నా మొహం చూసి తెలుగని ఎలా పోల్చుకున్నారో ఇప్పటికీ తెలియదు. చెప్పాను. "ఆడమనిషైతే చాలా? ఆట రావాలా?" అన్నారు. ఆట రానక్కర్లేదన్నాను. సల్వారు కమీజు మీద పెద్ద చలికోటుతో, చెవులకి మఫ్లరు చుట్టుకుని మెట్లు దిగి వచ్చి బెంచి మీద కూర్చున్నారు. ప్రాక్టీసు మ్యాచి కాబట్టి రిఫరీ సరేనన్నాడు. తర్వాత రెండు శనివారాలు ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళ మధ్య కూర్చుని ట్రైనర్ కోర్సు చదివి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. కోర్సులో సాయం పట్టే పద్ధతి తప్పు చెబుతున్నాడని పంతులుతో పోట్లాడి మరీ తెచ్చుకున్నారట.

ఆట మాత్రం ఆవిడకి చివరిదాకా రాలేదు. నేర్చుకోవడానికి ప్రయత్నించినట్టు కూడా కనిపించలేదు. మిగతా అందరి తలలూ పక్ అనే ఆ రబ్బరు బిళ్ళ ఎటు పోతే అటు తిరుగుతుంటే ఆవిడ తల ఒక్కటే కదిలేది కాదు. పిల్లల మొహాలే చూస్తుండేవారు. మ్యాచి అయ్యాక, "ఇంతకీ మనం గెలిచామా?" అని నన్నడిగేవారు. ఓడాం అంటే, "ఆయ్, అలాగా," అని మిరియాల చారు ఫ్లాస్కు మూత తీసేవారు. ఆ చారు కోసం అవతలి జట్టు పిల్లలు కూడా వచ్చేవాళ్ళు.

ఎవరైనా పడితే ఆవిడ నడక చూడాలి. బూట్లకి ఇనుప పళ్ళ పట్టీ తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని, మంచు మీద జానెడు జానెడు అడుగులేస్తూ వెళ్ళేవారు. మూడువందల మంది చూస్తున్నా తొందరుండేది కాదు. పడ్డ పిల్ల పక్కన చేరి ఏం మాట్లాడేవారో ఏమో, సగంసార్లు ఆ పిల్ల నవ్వుకుంటూ లేచేది. ఆవిడ వద్దంటే ఇక ఆ రోజుకి ఆ పిల్ల ఆడదు. ఆ మాటకి కోచ్ కూడా అడ్డు చెప్పకూడదు.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామని రెండుసార్లు అనుకున్నాను గానీ, అది లేకుండా ఆవిడ గురించి రాస్తే అబద్ధమవుతుంది.

మా ప్రాంతంలో ఆడపిల్లల హాకీకి ఇది పైమెట్టు లీగ్. అందులో చోటు దొరకడమే గగనం. నిత్య ఏడేళ్ళు కష్టపడి అక్కడికి చేరింది. నేను నార్త్ యార్క్‌లో ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. పొద్దున అయిదున్నరకి ప్రాక్టీసులో దింపి, కారులోనే మీటింగులకి హాజరై, ఆఫీసుకి పోయేదాన్ని. పదహారేళ్ళ పిల్లలకి ఏడాదికొకసారి ఒక వారాంతం టోర్నమెంటు ఉంటుంది. యూనివర్సిటీల కోచ్‌లు చూడటానికి వస్తారు. ఆ మూడు రోజులూ బాగా ఆడితే తర్వాత నాలుగేళ్ళూ ఆడే చోటు దొరుకుతుందని మా అందరి లెక్క. ఆ వారాంతానికి సరిగ్గా పదిహేను రోజుల ముందు నిత్య రింకు చుట్టూ ఉండే గోడకి గుద్దుకుంది. తల ఆ గోడ మీది గాజు అద్దానికి తగిలింది.

ఆంటీ తన జానెడు అడుగులతో వెళ్ళి, లేపి, తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు. తలకి దెబ్బ తగిలితే డాక్టరు లెటరు తేవాలి. ఆ పైన ట్రైనర్ కూడా సరేననాలి. అప్పుడే మళ్ళీ మంచు మీద అడుగు.

నేను విజయవాడలో చదువుకున్న మనిషిని. నాకు తెలిసిన చదువల్లా ఒకటే. పరీక్షలో ఏమొస్తుందో కనుక్కో, వల్లె వెయ్యి, రాసిపారెయ్యి. తలకి దెబ్బ తగిలినవాళ్ళని ఏమేం అడుగుతారో ఇంటర్నెట్‌లో మొత్తం దొరికింది. నెలలు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పాలి. అంకెలు తిరగేసి చెప్పాలి. అయిదు మాటలు విని, కాసేపయ్యాక గుర్తుంచుకుని చెప్పాలి. అవి ప్రింటు తీసి, రోజూ సాయంత్రం వంటింట్లో కూర్చోబెట్టి చదివించాను. "మరీ గడగడా చెప్పకు, సెప్టెంబరు దగ్గర కొంచెం ఆగు, సహజంగా ఉంటుంది," అని కూడా నేర్పాను. లైటు కళ్ళలో గుచ్చుకుంటోంది అంది. ఆ ఒక్క మాటకే నేను కాగితాలు పక్కన పడెయ్యాల్సింది. నేను లైటు ఆపేసి, చదివించాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

క్లినిక్‌లో డాక్టరు అడిగినవన్నీ చెప్పింది. నేర్పినట్టే సెప్టెంబరు దగ్గర ఆగింది. తల నొప్పి లేదంది, లైటుతో ఇబ్బంది లేదంది. అడిగినదానికల్లా మేం అబద్ధం చెబితే ఆయన మాత్రం ఏం చేస్తాడు, లెటరిచ్చాడు. మర్నాటి ప్రాక్టీసుకి ఆ లెటరు పట్టుకుని, గులాబ్‌జామ్ డబ్బా కూడా పట్టుకుని ఆంటీ దగ్గరికి వెళ్ళాను.

డ్రెస్సింగ్ రూం బయట రబ్బరు మ్యాట్ మీద నిలబడ్డాం. ఆవిడ లెటరు చదివి మడిచి జేబులో పెట్టుకుని, నిత్యతో, "డిసెంబరు నుంచి వెనక్కి చెప్పవే," అన్నారు.

నిత్య అందుకుంది. డిసెంబరు నుంచి జనవరిదాకా ఒక్క ఊపిరిలో, ఎక్కడా ఆగకుండా, పందెం కట్టినట్టు చెప్పేసింది. భయపడి ఆగడం మరిచిపోయింది కాబోలనుకున్నాను.

ఆంటీ నిత్యని చూడలేదు. నన్ను చూశారు. "ఏదీ అమ్మాయ్, నువ్వు చెప్పు," అన్నారు.

ఏ ధ్యాసలో ఉన్నానో, నేనూ అందుకున్నాను. డిసెంబర్ నవంబర్ అక్టోబర్ సెప్టెంబర్ అంటూ గడగడా చెప్పుకుపోయి, జనవరి దగ్గరికి వచ్చాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. మొహం వేడెక్కిపోయింది.

"తల్లీకూతుళ్ళిద్దరూ ఫస్టు క్లాసే," అన్నారు ఆంటీ. "ముప్పై ఏళ్ళ సర్వీసులో వెనక్కి ఇంత స్పీడుగా చెప్పినవాళ్ళని చూళ్ళేదు. బాగున్న తలకాయ కూడా ఎక్కడో తడుముకుంటుందమ్మా."

అప్పుడు నేను బతిమాలడానికి దిగాను. "ఆంటీ, డాక్టరు రాసిచ్చాడుగా. ఈ మూడు రోజులేగా. మనవాళ్ళు, మీరు కూడా ఇలా అంటే ఎలా? కొంచెం చూసీ చూడనట్టు పొండి. దాని ఏడేళ్ళ కష్టం ఆంటీ."

"మనవాళ్ళు కాబట్టే చూస్తున్నానమ్మా," అన్నారు. "నేను పరీక్ష పెట్టింది పిల్లకి కాదు, దాని తలకాయకి. తలకాయకి ట్యూషనేంటి?" తర్వాత నిత్య గడ్డం పట్టుకుని, "నొప్పుందా?" అన్నారు.

నిత్య నా వైపు చూసింది.

"అమ్మని చూడకు. నన్ను చూడు."

దాంతో పిల్ల బావురుమంది. క్లాసులో బోర్డు మీద అక్షరాలు కదులుతున్నాయనీ, బస్సులో కడుపులో తిప్పుతోందనీ, పొద్దున్నే లేస్తే తల బద్దలైపోతోందనీ అన్నీ బయటపెట్టింది. నాకు ఒక్కటీ చెప్పలేదు. ఆంటీ దాన్ని కోటులోకి లాక్కుని వీపు నిమిరారు. ఆ మూడు రోజులూ ఆట లేదు. కోచ్‌కి ఆవిడే వెళ్ళి చెప్పారు.

నేను ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు. "మీకేం తెలుసు ఆంటీ? మీకు స్కోరు ఎంతో కూడా తెలియదు," అన్నాను. అందరూ వింటుండగా అన్నాను.

"తెలీదమ్మా," అన్నారు ఆవిడ శాంతంగా. "అది చూసేవాళ్ళు చాలామంది ఉన్నారుగా."

మూడు వారాలు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టే, నేను ఎదురుపడితే చారు గ్లాసు చేతిలో పెట్టి, "తాగు, కోపానికి కూడా మంచిదే," అని పోయేవారు. నాకు ఒళ్ళు మండేది. తాగేదాన్ని. బాగుండేది కూడా.

నిత్య డిసెంబరంతా స్కూలు సగం పూటే వెళ్ళింది. క్రిస్మస్ సెలవులకి వెలుగు భరించగలిగింది. మ్యాచిలప్పుడు బెంచి మీద ఆంటీ పక్కన కూర్చుని, పిల్లలు లోపలికీ బయటికీ వెళ్ళే చిన్న తలుపు తియ్యడం, వెయ్యడం దాని పని. ఇద్దరూ ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళు. జనవరి చివర్లో మళ్ళీ దిగింది. రెండో మ్యాచిలో గోల్ కొట్టింది. ఎరీనా అంతా లేచి అరుస్తుంటే ఆంటీ అటూ ఇటూ చూసి, "ఏమైంది, ఎవరైనా పడ్డారా?" అని సంచీ అందుకున్నారు. నేను అద్దం ఇవతల నిలబడి నవ్వీ నవ్వీ అలిసిపోయాను. ఆ రోజే వెళ్ళి క్షమించమని అడిగాను. "దేనికి?" అన్నారు. గుర్తు లేనట్టు నటించడం కూడా ఆవిడకి సరిగా రాదు.

ఆ మూడు రోజులూ పోవడం వల్ల ఆకాశం ఊడిపడలేదు. మరుసటి ఏడాది ఒక మామూలు మ్యాచికి ఒషావా యూనివర్సిటీ కోచ్ ఇంకెవరినో చూడటానికి వచ్చి నిత్యని కూడా చూసింది. ఇప్పుడు నిత్య అక్కడే చదువుతోంది, అక్కడే ఆడుతోంది. మొదటి వరసలో కాదు, మూడో వరసలో. దానికి సంతోషంగానే ఉంది, నాకూ అలవాటవుతోంది.

ఫ్యూనరల్ నుంచి తిరిగి వస్తున్నప్పుడు కారు నిత్యే నడిపింది. ఆంటీ గురించి తలా ఒకటి చెప్పుకుంటూ, ఆ నెలల సంగతి కూడా తీసి నేనే నవ్వాను. నిత్య నవ్వలేదు. అది మాట్లాడేది ఇంగ్లీషే, నా తెలుగులో రాస్తున్నాను.

"అమ్మా, ఆ రోజు నేను కావాలనే అంత ఫాస్టుగా చెప్పాను."

నాకు అర్థం కాలేదు.

"క్లినిక్‌లో నువ్వు నేర్పినట్టు ఆగి చెప్పాను. పాసయ్యాను. పాసైనందుకు చాలా భయమేసింది. ఇక నన్ను ఎవరూ ఆపరు అనిపించింది. ఆంటీ దగ్గర ఆగకుండా చెబితే ఆవిడ కనిపెడుతుందని అనుకున్నాను. కనిపెట్టింది."

"ఆవిడకి తెలుసా నువ్వు కావాలనే చేశావని?"

"తర్వాత వారం బెంచి మీద అడిగింది. అవునన్నాను. మీ అమ్మకి చెప్పకు అంది. నేనే పట్టుకున్నాననుకోనీ, కోపం నా మీద ఉంటే మీ ఇంట్లో ఉండదు, అంది."

ఆ మూడు వారాలూ నేను మొహం తిప్పుకుని వెళ్తుంటే ఆవిడకి అంతా తెలుసు. అందరి ముందూ నేనన్న మాట మా పిల్లకి తగలకుండా తన మీద వేసుకుని, పైగా నాకు చారు పోశారు. బతికుండగా తెలిసుంటే కాళ్ళ మీద పడేదాన్ని. ఇప్పుడు ఎవరి కాళ్ళ మీద పడను?

"నాకే చెప్పొచ్చు కదే, నొప్పిగా ఉందని," అన్నాను.

నిత్య ఎర్ర లైటు దగ్గర కారు ఆపింది. "నువ్వు చాలా హ్యాపీగా ఉన్నావమ్మా ఆ రెండు వారాలూ. హాకీలో నువ్వు నాకు నేర్పగలిగినది అదొక్కటే దొరికింది నీకు. ఆపమని ఎలా చెప్పను?"

లైటు పచ్చబడింది. చాలా దూరం వచ్చాక అడిగాను, "మళ్ళీ ఎప్పుడైనా తలకి తగిలిందా?"

వెంటనే చెప్పలేదు. ఆలోచించుకుని, "అక్టోబరులో ఒకసారి. చిన్నదే. నేనే వెళ్ళి అక్కడి ట్రైనర్‌కి చెప్పాను. పది రోజులు కూర్చోబెట్టింది. ఇప్పుడు బాగానే ఉంది," అంది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

నిత్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, ఈసారి తెలుగులోనే అంది.

"ఇప్పుడు చెప్తున్నాగా అమ్మా."